పెద్ద వీల్స్ వేయించాక టైర్లలో గాలి ఎంత పెట్టాలి? ఐదు దారులు, ఏది ఎవరికి

కారుకు పెద్ద అల్లాయ్ వీల్స్ వేయించాక మొదటిసారి బంకుకు వెళ్లగానే గాలి పట్టే కుర్రాడు "ఎంతెట్టమంటారు బాబూ?" అని అడుగుతాడు. అక్కడే చాలామంది ఆగిపోతారు. డోరు పక్కన స్టిక్కర్ మీద ఉన్నది పాత టైరు లెక్క. వీల్స్ అమ్మిన షాపువాళ్లు ఇంకో అంకె చెప్పి ఉంటారు. టైరు పక్కన చూస్తే 44 అనో 51 అనో అచ్చు ఉంటుంది. బావమరిదిని అడిగితే "అందరం 35 పెడతాం, నువ్వూ పెట్టు" అంటాడు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్టిక్కర్ అంకె దగ్గర మొదలుపెట్టండి. పాత టైరుకీ కొత్త టైరుకీ లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) ఎంత తేడా ఉందో చూసుకోండి. దాన్నిబట్టి అవసరమైతే ఒకటి నుంచి నాలుగు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) వరకు పెంచండి. స్టిక్కర్ కంటే తగ్గించకండి, టైరు పక్కనున్న అంకె దాకా వెళ్లకండి. ఎందుకో, మీ వాడకానికి సరిగ్గా ఎంతో కింద చెబుతున్నాను. ఇది కాస్త ఓపిగ్గా చదవాల్సిన సంగతే. నాలుగు టైర్లూ రోడ్డును తాకేది తలా ఒక అరచేయంత మేరే. ఇంట్లోవాళ్లందరి బరువూ ఆ కాస్త చోటు మీదే ఉంటుంది.

## దేన్నిబట్టి తేల్చుకోవాలి

లోడ్ ఇండెక్స్. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, ఎక్కువమంది చూడనిదీ ఇదే. టైరు పక్కన 195/55 ఆర్16 87వి అని ఉంటే, 195 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 55 అంటే ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో. 16 అంటే రిమ్ము అంగుళాలు. 87 లోడ్ ఇండెక్స్, చివరి అక్షరం వేగ పరిమితి. ఈ 87కి అర్థం ఒక్కో టైరు గరిష్ఠంగా 545 కిలోలు మోస్తుందని. 84 అయితే 500, 85 అయితే 515, 88 అయితే 560, 91 అయితే 615 కిలోలు.

బరువును మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. అందుకే మామూలు రకం టైరు ఆ గరిష్ఠ బరువు మోయాలంటే 36 పీఎస్ఐ, అంటే 250 కిలోపాస్కల్ ఉండాలి. గాలి తగ్గితే మోసే శక్తీ తగ్గుతుంది.

మామూలు టైరా, ఎక్స్‌ఎల్ టైరా. పక్కన 'ఎక్స్‌ఎల్' అనో 'ఎక్స్‌ట్రా లోడ్' అనో ఉంటే ఆ టైరు గరిష్ఠ బరువు లెక్క 42 పీఎస్ఐ దగ్గర. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఎక్స్‌ఎల్ అంటే గట్టి టైరు కదా, గాలి తక్కువున్నా ఫర్వాలేదనుకుంటారు. నిజానికి దాని బలం ఎక్కువ గాలి పెట్టినప్పుడే బయటకొస్తుంది. 30 పీఎస్ఐ పెడితే అదే సైజు మామూలు టైరు కంటే ఎక్కువేమీ మోయదు.

టైరు గోడ ఎత్తు. రిమ్ము పెరిగేకొద్దీ గోడ పొట్టిదవుతుంది. గుంతలో పడ్డప్పుడు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగేది ఆ గోడే.

మీ రోడ్డు, మీ వేగం, మీ బరువు. వీటి సంగతి కిందకి వచ్చాక.

## సైజులు పక్కపక్కన పెట్టి చూద్దాం

మన జిల్లాల్లో ఎక్కువగా కనిపించే చిన్న హ్యాచ్‌బ్యాక్‌ని తీసుకుందాం. మొదట 165/80 ఆర్14 టైర్లతో వచ్చిందనుకోండి.

| సైజు | బయటి వ్యాసం | గోడ ఎత్తు | లోడ్ ఇండెక్స్ | గరిష్ఠ బరువు |
|---|---|---|---|---|
| 165/80 ఆర్14 | 620 మి.మీ. | 132 మి.మీ. | 85 | 515 కిలోలు |
| 185/65 ఆర్15 | 622 మి.మీ. | 120 మి.మీ. | 88 | 560 కిలోలు |
| 195/55 ఆర్16 | 621 మి.మీ. | 107 మి.మీ. | 87 | 545 కిలోలు |
| 205/45 ఆర్17 | 616 మి.మీ. | 92 మి.మీ. | 84 | 500 కిలోలు |
| 205/45 ఆర్17 ఎక్స్‌ఎల్ | 616 మి.మీ. | 92 మి.మీ. | 88 | 560 కిలోలు |

బయటి వ్యాసం దాదాపు మారలేదు, కాబట్టి స్పీడోమీటర్‌కు ఇబ్బంది లేదు. కానీ చివరి గడి చూడండి. 15 అంగుళాలకు పెరిగితే మోసే శక్తి పెరిగింది. 17 మామూలు టైరుకు వచ్చేసరికి పాత 14 అంగుళాల టైరు కంటే తగ్గిపోయింది. చూడ్డానికి అన్నిటికన్నా ఘనంగా ఉన్న వీలే తక్కువ మోస్తోంది! "రిమ్ము ఒక అంగుళం పెరిగితే ఇంత గాలి పెంచాలి" అనే సూత్రం కొన్ని షాపుల్లో చెబుతారు. అది ఎందుకు నిలవదో ఈ పట్టికే చెబుతుంది. గాలిని నిర్ణయించేది రిమ్ము అంగుళాలు కాదు, టైరు మోసే శక్తి.

ఇప్పుడు గాలి లెక్క. స్టిక్కర్ మీద మామూలుగా 30, కారు నిండా మనుషులు, సామాను ఉంటే 33 అని ఉందనుకుందాం. పాత టైరు 30 దగ్గర సుమారు 445 కిలోలు, 33 దగ్గర 480 కిలోలు మోస్తుంది. పెట్టిన గాలిని 36తో భాగించి, దాన్ని 0.8 ఘాతానికి తీసుకుని, గరిష్ఠ బరువుతో గుణిస్తే వచ్చే లెక్క ఇది. అంతే బరువు కొత్త టైరు మోయాలంటే కావలసింది రెండో, మూడో గడుల్లో ఉంది. చివరి రెండు గడులు నా సలహా.

| కొత్త టైరు | లెక్క ప్రకారం, మామూలుగా | లెక్క ప్రకారం, నిండుగా | నేను పెట్టమనేది, మామూలుగా | నిండుగా |
|---|---|---|---|---|
| 185/65 ఆర్15 | 27 | 30 | 30 | 33 |
| 195/55 ఆర్16 | 28 | 31 | 31–32 | 34 |
| 205/45 ఆర్17 | 31 | 34 | 33 | 36 |
| 205/45 ఆర్17 ఎక్స్‌ఎల్ | 32 | 35 | 34 | 37 |

లెక్క 27 చాలంటుంటే 30 ఎందుకు అని అడగవచ్చు. స్టిక్కర్ అంకె ఒక్క బరువు కోసమే వేసింది కాదు. బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు కారు ఎలా నిలబడాలో కూడా అందులో ఉంది. పైగా ఏ లోపం లేని టైరులో కూడా నెలకు ఒకటి రెండు పీఎస్ఐ దానంతటదే దిగుతుంది. గోడ పొట్టిదైన టైరుకు గుంతల్లో కాస్త కాపుదల కావాలి. అందుకే కింద వరుసల్లో లెక్క కంటే రెండు నుంచి నాలుగు ఎక్కువ చెప్పాను.

మీ స్టిక్కర్ మీద వేరే అంకె ఉంటే, లెక్క చేసే ఓపిక లేకపోతే, ఇంతే గుర్తుంచుకోండి. కొత్త టైరు లోడ్ ఇండెక్స్ పాతదానితో సమానమో ఎక్కువో అయి, అది మామూలు రకమైతే స్టిక్కర్ అంకె, లేదా దానికి ఒకటి రెండు ఎక్కువ. ఒకటి తగ్గితే రెండు మూడు ఎక్కువ. ఎక్స్‌ఎల్ అయితే నాలుగు ఎక్కువ. లోడ్ ఇండెక్స్ ఒకటి కంటే ఎక్కువ తగ్గితే గాలితో సరిపెట్టుకోవద్దు, ఆ టైరే మీ కారుకు తగింది కాదు.

## ఐదు దారులు

మొదటిది: స్టిక్కర్ అంకె అలాగే ఉంచడం. లోడ్ ఇండెక్స్ తగ్గనప్పుడు, టైరు ఎక్స్‌ఎల్ కానప్పుడు ఇదే మంచి దారి. ఇందులో ఒక దగ్గరదారి కూడా ఉంది. చాలా కార్లకు కింది మోడల్‌లో చిన్న వీల్, పై మోడల్‌లో పెద్ద వీల్ కంపెనీయే ఇస్తుంది. మీరు వేయించింది సరిగ్గా పై మోడల్ సైజే అయితే, ఆ మోడల్ ఉన్నవాళ్ల డోరు తెరిచి స్టిక్కర్ ఫొటో తీసుకోండి. ఇంజినీర్లు పరీక్షించి పెట్టిన అంకె అది. దాన్ని మించిన సలహా నేనూ ఇవ్వలేను, షాపువాళ్లూ ఇవ్వలేరు.

రెండోది: లోడ్ ఇండెక్స్ చూసి కొద్దిగా పెంచడం. పై పట్టికలో చేసింది ఇదే. 16 అంగుళాలు, అంతకు మించి వేయించినవాళ్లకు నేను గట్టిగా చెప్పే దారి ఇది. నష్టమల్లా, గతుకుల మీద కాస్త గట్టిగా తెలుస్తుంది. మైలేజ్ దెబ్బతినదు, టైరు సమంగా అరుగుతుంది.

మూడోది: అందరికీ 35. తేలిక కాబట్టి చెల్లుబాటవుతోంది. 17 అంగుళాల ఎక్స్‌ఎల్ టైరు వేసి నిండా జనంతో వెళ్లేవాళ్లకు ఇది లెక్క వరకు కాకతాళీయంగా సరిపోతుంది. కానీ 15 అంగుళాల వీల్ వేసిన చిన్న కారులో ఒక్కరే తిరుగుతుంటే అది ఎక్కువే. టైరు నడుమ భాగం ముందు అరుగుతుంది, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది, ఎగుడుదిగుళ్ల మీద వెనకభాగం గెంతుతుంది. ఇంకో సంగతి: చాలా కార్లకు ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ వేర్వేరు అంకెలు ఉంటాయి. నాలుగింటికీ ఒకటే పెడితే ఆ తేడా పోతుంది.

నాలుగోది: టైరు పక్కనున్న గరిష్ఠ అంకె. ఇది వద్దే వద్దు. 44, 51 అనేవి ఆ టైరు చల్లగా ఉన్నప్పుడు దాటకూడని హద్దులు. మీ కారుకు పెట్టమని చెప్పిన అంకెలు కావు. ఆ టైరు తయారుచేసినవాళ్లకు అది ఏ కారుకు ఎక్కుతుందో తెలియదు. అంత గాలితో గుంతలో పడితే టైరుకు సాగి సర్దుకునే వీలుండదు, దెబ్బ అంతా లోపలి దారాల మీద, సస్పెన్షన్ మీద పడుతుంది.

ఐదోది: కుదుపు తగ్గడానికి గాలి తగ్గించడం. పెద్ద వీల్ వేయించాక కారు గట్టిగా ఉందని 26, 27కి దించేవాళ్లు ఉన్నారు. ఐదింటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. గోడ 92 మిల్లీమీటర్లే ఉన్న టైరులో గాలి తగ్గితే, గుంత అంచు తగిలినప్పుడు గోడ రిమ్ముకీ రోడ్డుకీ మధ్య చితికిపోతుంది. లోపలి దారాలు తెగి పక్కన బుడిపె లేస్తుంది. బుడిపె లేచిన టైరుకు మరమ్మతు లేదు, మార్చాల్సిందే. రిమ్ము వంగితే అదో ఖర్చు. హైవే మీద నిండు బరువుతో వెళుతున్నప్పుడు గాలి తక్కువైన టైరు గోడ తిరిగిన ప్రతిసారీ మడతపడి వేడెక్కుతుంది. మే నెలలో టైర్లు పేలడానికి ఎండ ఒక్కటే కారణం కాదు, గాలి తక్కువగా ఉండటం పెద్ద కారణం. కుదుపు తగ్గాలంటే ఒక అంగుళం చిన్న రిమ్ము ఎంచుకోండి. గాలి తగ్గించి దాన్ని సాధించకండి.

## మీరు ఎటు తిరుగుతారు?

ఊళ్లోనే తిరిగేవాళ్లు. విజయనగరం కోట, మూడు లాంతర్లు, రైల్వే స్టేషన్, లేదా శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్, అరసవల్లి రోడ్డు. వేగం తక్కువ, ఒకరో ఇద్దరో మనుషులు. పట్టికలో 'మామూలుగా' గడి చాలు. స్పీడ్ బ్రేకర్లు, కాలువ తవ్వి పూడ్చిన చోట్లు ఎక్కువ కాబట్టి అంతకంటే తగ్గించకండి.

రోజూ హైవే ఎక్కేవాళ్లు. శ్రీకాకుళం నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద విశాఖ వెళ్లొచ్చేవాళ్లు, అటు నరసన్నపేట, టెక్కలి, పలాస వైపు తిరిగేవాళ్లు. వేగం నిలకడగా గంటకు 80, 100 ఉంటుంది. 'మామూలుగా' అంకెకు ఒకటి కలపండి. వానాకాలంలో దీన్ని అసలు వదిలిపెట్టకండి. వెడల్పు టైరు నీళ్లను పక్కకు నెట్టడానికి ఎక్కువ కష్టపడుతుంది. దానికి గాలి కూడా తగ్గితే, నీళ్లు నిలిచిన చోట తక్కువ వేగంలోనే కారు తేలిపోతుంది. తుఫాను రోజుల్లో ఈ రోడ్డు మీద వెళ్లేవాళ్లకు ఆ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఘాట్ రోడ్డు వెళ్లేవాళ్లు. ఎస్.కోట మీదుగా అరకు గానీ, సాలూరు మీదుగా కొరాపుట్ వైపు గానీ. ఇక్కడ చాలామందికి ఒక సందేహం: కొండ ఎక్కితే గాలి పెరుగుతుందా, కొంచెం తీసేయాలా? అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ బయటి వాతావరణ ఒత్తిడి తగ్గడం వల్ల గేజ్‌లో ఒకటిన్నర పీఎస్ఐ దాకా ఎక్కువ చూపిస్తుంది. కానీ పైన చల్లదనం వల్ల దాదాపు అంతా తగ్గుతుంది. రెండూ చెల్లుకు చెల్లు. కింద పెట్టుకున్న గాలిని తాకవద్దు. ఘాట్ దిగేటప్పుడు బరువంతా ముందు చక్రాల మీదికి వస్తుంది, కాబట్టి ముందు టైర్లలో తక్కువ కాకుండా చూసుకోండి.

బరువు మోసేవాళ్లు. ఉద్దానం నుంచి కొబ్బరికాయల బస్తాలు, ఊరి నుంచి బియ్యం, పండక్కి ఐదుగురు మనుషులు, వాళ్ల సామాను. పైడితల్లి సిరిమానోత్సవానికి చుట్టాలను ఎక్కించుకొచ్చే కారు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. వీళ్లు 'నిండుగా' గడి చూడాలి. స్టిక్కర్ మీద వెనక చక్రాలకు విడిగా ఎక్కువ అంకె ఉంటే, ఆ తేడా అలాగే కొత్త టైర్లకూ ఉంచాలి. తరచూ ఇలా తిరిగేవాళ్లు 205/45 ఆర్17లో మామూలు రకం కొనకపోవడమే మంచిది. కొంటే ఎక్స్‌ఎల్ కొనండి, లేదా 16 దగ్గర ఆగండి. నన్నడిగితే మన రోడ్లకు 15, మహా అయితే 16. 17 అంగుళాల అందం కోసం ప్రతి గుంత దగ్గరా ఊపిరి బిగబట్టుకుని నడపడం సుఖం కాదు.

పార్వతీపురం, సీతంపేట, కురుపాం వైపు లోపలి ఊళ్లకు వెళ్లేవాళ్లు. రాళ్లు తేలిన రోడ్డు మీద కూడా పట్టికలోని అంకెలే. వేగం తగ్గించండి, గాలి కాదు.

## కొలిచేటప్పుడు

పైన చెప్పినవన్నీ చల్లని టైరు అంకెలు. చల్లని టైరంటే కనీసం మూడు గంటలు ఆగి ఉన్నది, లేదా కిలోమీటరున్నర లోపే కదిలినది. తిరిగొచ్చిన టైరులో నాలుగు నుంచి ఆరు పీఎస్ఐ ఎక్కువ కనిపించడం మామూలే. ఎక్కువుందని అప్పుడు గాలి తీయిస్తే, మర్నాడు పొద్దున టైరు తక్కువగా ఉంటుంది.

మరి బంకు ఇంటికి ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉంటే? పొద్దున్నే ఇంటి దగ్గర సొంత గేజ్‌తో కొలవండి. 28 ఉంది, కావలసింది 32 అనుకోండి, లోటు నాలుగు. బంకుకు వెళ్లేసరికి అక్కడి మెషీన్ 31 చూపిస్తే, దానికి ఆ నాలుగు కలిపి 35 పెట్టమనండి. టైరు చల్లారాక 32 దగ్గరకే వస్తుంది. మెషీన్‌కూ మెషీన్‌కూ మధ్య ఉండే తేడా కూడా దీనితో తీరిపోతుంది. అందుకే సొంత గేజ్ ఒకటి డాష్‌బోర్డులో పెట్టుకోండి, ఎప్పుడూ దానితోనే కొలవండి.

వేడి సుమారు ఆరు డిగ్రీలు మారితే ఒక పీఎస్ఐ మారుతుంది. మే నెల పొద్దున పెట్టిన 32, సంక్రాంతి చలిలో ఎక్కడా లీకు లేకుండానే 30 దగ్గరికి దిగవచ్చు. దానికి తోడు నెలనెలా దిగేది ఉంటుంది. నెలకోసారి, దూరప్రయాణానికి ముందు ఒకసారి చూసుకోండి.

నైట్రోజన్ పెట్టించాలా అని అడిగేవాళ్లకు: మామూలు గాలిలోనే దాదాపు 78 శాతం నైట్రోజన్. పెట్టిస్తే కాస్త నెమ్మదిగా దిగుతుంది, అంతే. ఊరికే పెడితే పెట్టించండి. దారిలో తగ్గితే మామూలు గాలి కలిపినా ఏమీ కాదు. నైట్రోజన్ ఉంది కదా అని కొలవడం మానేయకండి.

పెట్టిన అంకె సరిపోయిందో లేదో సుద్దముక్కతో చూడవచ్చు. టైరు అరిగే భాగం మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు మందంగా గీత గీయండి. చదునైన రోడ్డు మీద నేరుగా ఒక 50 మీటర్లు నడిపి చూడండి. గీత అంతా సమంగా చెరిగితే సరే. నడుమ మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ చెరిగి నడుమ మిగిలితే తక్కువ. ఒక్క అంచు మాత్రమే చెరిగితే అది గాలి సంగతి కాదు, అలైన్‌మెంట్ చూపించాలి. సుద్దతో తేలిందాన్నిబట్టి ఒకటి రెండు పీఎస్ఐ అటూఇటూ సర్దుకోవచ్చు, అదీ స్టిక్కర్ కంటే దిగకుండా.

టైర్ల గాలి తక్కువైతే హెచ్చరించే దీపం మీ కారులో ఉంటే, పాత వీల్స్ లోపలి సెన్సర్లు కొత్తవాటికి మార్చారో లేదో షాపులోనే అడగండి. సెన్సర్లు లేకుండా చక్రం తిరిగే వేగాన్నిబట్టి పనిచేసే రకమైతే, కొత్త గాలి పెట్టాక మళ్లీ రీసెట్ చేయాలి. సెన్సర్లున్న రకంలో ఆ దీపం మామూలుగా పాత స్టిక్కర్ లెక్కతోనే వెలుగుతుందని కూడా గుర్తుంచుకోండి. మీ కొత్త టైరుకు 34 కావాలంటే, అది 30కి దిగినా దీపం వెలగకపోవచ్చు.

ఇక స్టెప్నీ. నాలుగు వీల్సూ మార్చినవాళ్లలో ఎక్కువమందికి డిక్కీలో ఉండేది పాత 14 అంగుళాల టైరే. దానికి స్టిక్కర్ మీదున్న 'నిండుగా' అంకె కంటే రెండు మూడు ఎక్కువ పెట్టి ఉంచండి, నెలలు గడిచినా పనికొస్తుంది. బిగించాక కావాలంటే గాలి తీయవచ్చు, కానీ నడిరోడ్డు మీద ఎక్కించలేం. అల్లాయ్‌కి వాడే నట్లు, ఇనుప రిమ్ముకు వాడే నట్లు కొన్ని కార్లలో వేరు. పాత నట్లు నాలుగైదు అదే డిక్కీలో గుడ్డలో చుట్టి పడేయండి. స్టెప్నీ ఎక్కించాక పంక్చర్ షాపు దొరికేదాకా 80 దాటకుండా వెళ్లండి.